డ్రా వెయిట్‌ను కొలవడం, వార్‌బోను లాంగ్‌బో నుంచి వేరుగా గుర్తించడం: అంచెలవారీ మార్గదర్శి

చెక్క విల్లు తయారుచేసేవారు పిడికి కొంచెం పైన, విలుకాడి ముఖం వైపు ఉండే చెక్క మీద, రెండు అంకెలు రాస్తారు. "60, 28" అని ఉంటే, ఆ విల్లును 28 అంగుళాల మేరకు లాగినప్పుడు వేళ్లు 60 పౌండ్ల బరువును మోస్తాయని అర్థం. ఈ బరువునే విలువిద్యలో డ్రా వెయిట్ అంటారు. కొత్తగా విల్లు కొనేవారిలో ఎక్కువమంది మొదటి అంకెను చూసి తృప్తిపడి, రెండో అంకెను వదిలేస్తారు. రెండోది లేకుండా మొదటిదానికి విలువ లేదు. "ఎన్ని పౌండ్లు దాటితే యుద్ధపు విల్లు, అంటే వార్‌బో అవుతుంది?" అనే ప్రశ్న కూడా ఈ అలవాటు నుంచే పుడుతుంది. వార్‌బోను నిర్ణయించేది అది మోసుకుపోవలసిన బాణమే. బాణం ఎంత పొడవు, ఎంత బరువు ఉండాలో తేలాక విల్లు పొడవు, మందం, వంపు వాటంతటవే తేలతాయి, డ్రా వెయిట్ అన్నిటికంటే చివర వస్తుంది. కింది అంచెలలో విల్లును ఎలా కొలవాలో, ఎలా పరిశీలించాలో, బరువైన విల్లుకు ఎలా అలవాటు పడాలో వివరిస్తాను.

మొదటి అంచె: మాటలను సరిచూసుకోవడం

విల్లుతో చేసే పనులకు తెలుగులో విడివిడి మాటలు ఉన్నాయి. విల్లును వంచి అల్లెతాడును విల్లు కొసన ఉండే వింటికొప్పుకు తగిలించడం ఎక్కుపెట్టడం. బాణాన్ని తాడు మీద నిలపడం సంధించడం. ఆ తరువాత తాడును వెనక్కి తీయడం లాగడం. తుపాకీ ఎక్కుపెట్టాడు అంటూ ఎక్కుపెట్టడాన్ని గురిపెట్టడమనే అర్థంలో వాడి వాడి, దాని అసలు అర్థాన్ని మనం దాదాపు మరిచిపోయాము. డ్రా వెయిట్ మూడో పనికి మాత్రమే సంబంధించినది. ఎక్కుపెట్టడానికి కావలసిన బలం వేరు, దానిని ఎవరూ విల్లు మీద రాయరు.

లాంగ్‌బో అంటే ఎక్కుపెట్టినప్పుడు కొప్పు నుంచి కొప్పు వరకు ఒకే దిశలో వంగే, సుమారుగా మనిషి ఎత్తుండే విల్లు. ఇంగ్లండు సంప్రదాయంలో దాని లింబులు, అంటే పిడికి పైనా కిందా వంగే భాగాలు, వెడల్పు తక్కువగా, మందంగా ఉంటాయి. బ్రిటిష్ లాంగ్‌బో సొసైటీ నియమం ప్రకారం లింబు మందం ఎక్కడ కొలిచినా దాని వెడల్పులో ఎనిమిదింట అయిదు వంతులకు తగ్గకూడదు. వార్‌బో అనే మాట ఈ కాలంలో వాడుకలోకి వచ్చినది. మధ్యయుగపు ఇంగ్లండులో దానిని విల్లు అని మాత్రమే అనేవారు. ఇంగ్లిష్ వార్‌బోలన్నీ లాంగ్‌బోలే, కానీ ప్రతి లాంగ్‌బో వార్‌బో కాదు. ఈ రెండూ వేర్వేరు జాతులని భావించి వాదించుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

మన పాఠకులలో విలువిద్య తెలిసినవారికి కొసల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లు ఎక్కువ పరిచయం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ క్రీడాకారిణి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది ఆ విల్లుతోనే. ప్రపంచ ఆర్చరీ సమాఖ్య పోటీలలో కాంపౌండ్ విల్లుకు గరిష్ఠ పరిమితి 60 పౌండ్లు. ఆ 60 పౌండ్లు లాగే దారి మధ్యలో తగిలే శిఖరం మాత్రమే. పూర్తిగా లాగిన తరువాత కప్పీల వల్ల చేతిలో మిగిలే బరువు అందులో చిన్న వంతు. చెక్క విల్లు దీనికి పూర్తిగా భిన్నమైనది, ఎంత లాగితే అంత బరువెక్కుతూనే ఉంటుంది, చివరి అంగుళమే అన్నిటికంటే బరువు. కాబట్టి 60 పౌండ్ల కాంపౌండ్ అలవాటున్నవారు 60 పౌండ్ల లాంగ్‌బోను సులభంగా వేయగలమని అనుకోకూడదు.

రెండో అంచె: విల్లును కొలవడం

దీనికి కొక్కెం ఉన్న డిజిటల్ త్రాసు ఒకటి, అంగుళాల టేపు ఒకటి, సన్నని కర్రపుల్ల ఒకటి, తోడుగా ఒక మనిషి కావాలి. ప్రయాణాలలో సామాను తూచే చిన్న త్రాసు సాధారణంగా 50 కిలోల వరకే, అంటే 110 పౌండ్ల వరకే చూపిస్తుంది. మామూలు లాంగ్‌బోకు అది సరిపోతుంది. అంతకంటే బరువైన విల్లును దానితో కొలవవద్దు, కొక్కెం ఊడితే ఎవరికైనా దెబ్బ తగులుతుంది.

ముందుగా కర్రపుల్ల మీద 20 అంగుళాల నుంచి ప్రతి అంగుళానికీ గీత గీయండి. గీతలను తాడు తగిలే చివర నుంచి లెక్కించాలి. విల్లును ఎక్కుపెట్టి, అయిదారు సార్లు సగం దూరం మాత్రమే లాగి నెమ్మదిగా వదలండి. చల్లబడి ఉన్న చెక్కను ఒక్కసారిగా పూర్తి దూరం లాగడం ఆ విల్లుకు మంచిది కాదు. తరువాత త్రాసు కొక్కేన్ని తాడు మధ్యలో తగిలించి, పుల్లను బాణంలాగా నిలపండి. ఒకరు రెండు చేతులతో త్రాసును నిదానంగా లాగుతుంటే, రెండోవారు పక్కన నిలబడి విల్లు ముందు అంచు, అంటే లక్ష్యం వైపు ఉండే వెన్ను, పుల్ల మీద ఏ గీతను తాకుతున్నదో చూసి అంకెలు చెబుతుండాలి. కొలత ఎప్పుడూ లాగేటప్పుడే తీసుకోవాలి. తిరిగి వదిలేటప్పుడు అదే గీత దగ్గర త్రాసు తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే చెక్క తాను తీసుకున్న బలాన్నంతా తిరిగి ఇవ్వదు.

నా దగ్గర 72 అంగుళాల విల్లు ఉంది. దాని మీద రాసిన అంకెలు 60, 28. దానిని కొలిచినప్పుడు 20 అంగుళాల దగ్గర 38 పౌండ్లు, 24 దగ్గర 49, 26 దగ్గర 54, 28 దగ్గర 60 వచ్చాయి. 24 నుంచి 26 వరకు రెండు అంగుళాలకు 5 పౌండ్లు పెరిగితే, 26 నుంచి 28 వరకు 6 పెరిగాయి. ఈ చిన్న తేడాను గమనించండి. చివరి అంగుళాలలో బరువు ఒక్కసారిగా ఎగబాకుతుంటే, ఆ లాగుడికి ఆ విల్లు పొట్టిదని అర్థం. తాడుకూ లింబు కొసకూ మధ్య కోణం పెరిగేకొద్దీ, తాడు లింబును వంచడానికి బదులు నిలువునా గుంజడం మొదలుపెడుతుంది. అక్కడ మీ కష్టం పెరుగుతుంది గానీ బాణానికి దక్కేది అంతగా పెరగదు.

మూడో అంచె: మీ లాగుడికి అంకెను మార్చుకోవడం

మీరు సహజంగా ఎంత దూరం లాగుతారో తెలుసుకోవడానికి, తేలికైన విల్లుతో అదే పుల్లను లాగి, స్నేహితుడి చేత గీత చదివించుకోండి. నాది 26న్నర అంగుళాలు. అంటే 60 పౌండ్ల విల్లని అందరికీ చెప్పుకున్న నా విల్లు నా చేతిలో 55 పౌండ్లే. ఇది తెలిసిననాడు కొంత నిరుత్సాహం కలిగిన మాట నిజమే, కానీ బాణాలు సరిగా ఎంచుకోవడం ఆనాటి నుంచే కుదిరింది.

కొలవడం వీలుకాకపోతే ఒక లెక్క ఉంది. ఎక్కుపెట్టిన విల్లులో వెన్ను నుంచి తాడు వరకు ఎడం సుమారు ఏడున్నర అంగుళాలు ఉంటుంది. విల్లు మీద రాసి ఉన్న లాగుడు దూరం నుంచి దీనిని తీసివేయగా మిగిలినదే తాడు నిజంగా ప్రయాణించే దూరం. డ్రా వెయిట్‌ను ఆ దూరంతో భాగిస్తే అంగుళానికి ఎన్ని పౌండ్లో వస్తుంది. 28 అంగుళాలకు 50 పౌండ్ల విల్లయితే 50ని 20న్నరతో భాగించాలి, అంగుళానికి సుమారు రెండున్నర పౌండ్లు. 32 అంగుళాలకు 120 పౌండ్ల వార్‌బో అయితే 120ని 24న్నరతో భాగించాలి, అంగుళానికి దాదాపు 5 పౌండ్లు. అదే వార్‌బోను 28 అంగుళాలు మాత్రమే లాగేవాడి చేతిలో అది సుమారు 100 పౌండ్ల విల్లు. "నేను 120 పౌండ్లు వేస్తాను" అనే మాట విన్నప్పుడల్లా ఎన్ని అంగుళాలకు అని అడగవలసింది ఇందుకే.

లాగే దూరం పెరిగితే బాణానికి అందే శక్తి కూడా పెరుగుతుంది. విల్లులో నిలిచే శక్తి సుమారుగా డ్రా వెయిట్‌నూ తాడు ప్రయాణించే దూరాన్నీ హెచ్చవేసి, అందులో సగం. 28 అంగుళాలకు 60 పౌండ్ల విల్లులో ఇది, శక్తి కొలమానంలోకి మారిస్తే, దాదాపు 70 జౌళ్లు. 30 అంగుళాలకు 150 పౌండ్ల విల్లులో దాదాపు 190 జౌళ్లు. బరువు రెండున్నర రెట్లే పెరిగినా శక్తి అంతకు మించి పెరిగింది, ఆ అదనం రెండు అంగుళాల ఎక్కువ లాగుడు ఇచ్చినది.

నాలుగో అంచె: విల్లును కళ్లతో చదవడం

అంకెలను పక్కన పెట్టి ఇప్పుడు విల్లును చూడండి. ఎక్కుపెట్టిన విల్లును గోడకు ఆనించి, నాలుగైదు అడుగులు వెనక్కి వచ్చి, మొదట పిడి దగ్గర వంపు ఉందో లేదో గమనించండి. పిడి భాగం బిగుసుకుని, వంపంతా పైకీ కిందికీ ఉంటే అది లక్ష్యాలను కొట్టే ఆటల కోసం చేసిన లాంగ్‌బో. ఈ రూపం పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాలలో స్థిరపడింది. 1781లో లండన్‌లో టాక్సోఫిలైట్ సొసైటీ అనే విలుకాళ్ల సంఘం ఏర్పడిన తరువాత ఇంగ్లండులో విలువిద్య పెద్దమనుషుల వినోదంగా మళ్లీ వికసించింది. అక్కడి యార్క్ రౌండ్ పోటీలో 100, 80, 60 గజాల దూరాల నుంచి మొత్తం 144 బాణాలు వేయాలి. అన్ని బాణాలను ఒకే తీరున వేయాలంటే కదలని పిడి, సన్నని తేలిక బాణం, అలసట తేని బరువు కావాలి. అందుకే ఆ విల్లులు ఎక్కువగా 40 నుంచి 60 పౌండ్ల మధ్య ఉండేవి.

వార్‌బోలో పిడి అంటూ విడిగా కనిపించదు. తోలు చుట్ట ఉండదు, బాణం ఒరిసే చోట అలంకారపు పలక ఉండదు. కొప్పు నుంచి కొప్పు వరకు మొత్తం విల్లు ఒకే వలయపు ముక్కలాగా వంగుతుంది, చేతిలో ఉన్న భాగం కూడా కొంచెం వంగుతుంది. వేటలోనో యుద్ధంలోనో ఒక్కో అంగుళం చెక్కకూ పని చెప్పాలి, పిడి దగ్గర అడుగు పొడవు చెక్కను ఊరికే ఉంచితే మిగతా భాగం మీద భారం పెరిగి విల్లు విరుగుతుంది. పొడవు కూడా ఇందుకే. 30 అంగుళాలు, ఆపైన లాగినా తాడు కోణం బిగుసుకోకుండా ఉండాలంటే ఆరున్నర అడుగుల విల్లు కావాలి.

ఇప్పుడు దగ్గరికి వచ్చి చెక్కను చూడండి. మేలైన ఇంగ్లిష్ విల్లు యూ చెట్టు కర్రతో చేసినది. పక్క నుంచి చూస్తే దానిలో రెండు రంగులు పొడవునా నడుస్తాయి. వెన్ను వైపు వెన్నరంగులో పలుచని పొర, అది బెరడు కింది లేత చెక్క. లోపలి వైపు ఇటుకరంగు చేవ. లేత చెక్క సాగే గుణం గలది, చేవ నొక్కుడును తట్టుకునేది. వంచినప్పుడు వెన్ను సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది, కాబట్టి చెట్టే ఆ రెండు పనులకు రెండు చెక్కలను అతికించి ఇచ్చినట్లయింది. ఆ వెన్ను పొరలో ఏ పెరుగుదల వలయమైనా మధ్యలో తెగి ఉంటే ఆ విల్లును కొనవద్దు. ఇంగ్లండుకు ఈ కర్ర తన అడవులలో చాలలేదు. 1472లో చేసిన చట్టం ప్రకారం కొన్ని విదేశీ నౌకలు తాము తెచ్చే ప్రతి టన్ను సరుకుకూ నాలుగు విల్లుకర్రలు తెచ్చి ఇవ్వవలసి వచ్చింది.

శివధనుస్సు కథలో విల్లు విరిగినది ఎక్కుపెడుతున్నప్పుడు కాదు, రాముడు ఎక్కుపెట్టి నారిని లాగినప్పుడు. విల్లులు తయారుచేసేవారికి ఆ క్షణం బాగా తెలుసు. చెక్క విల్లు చాలాసార్లు తనకు నేర్పిన దూరాన్ని దాటినప్పుడే విరుగుతుంది. 28 అంగుళాలకు వంపు సరిచేసిన విల్లును 31 అంగుళాలు లాగే స్నేహితుడి చేతికి ఇవ్వకండి.

అయిదో అంచె: బాణాన్ని తూచడం

ఈ అంచెను చాలామంది దాటవేస్తారు, నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. ఆటల లాంగ్‌బో బాణం పెన్సిలంత లావు, 25 నుంచి 35 గ్రాముల బరువు ఉంటుంది. యుద్ధపు బాణం పుల్ల సుమారు అర అంగుళం లావు, 30 అంగుళాల పొడవు, ఇనుప మొనతో కలిపి 60 నుంచి 100 గ్రాములు. ఇంత బరువైన బాణాన్ని 40 పౌండ్ల విల్లు విసరలేదు, కొద్ది దూరంలోనే అది నేలకు వంగిపోతుంది. 150 పౌండ్ల నమూనా విల్లుతో చేసిన ప్రయోగాలలో సుమారు 54 గ్రాముల బాణం 328 మీటర్లు, 96 గ్రాముల బాణం 250 మీటర్లు వెళ్లాయి. తేలిక బాణం దూరం పోయింది, కానీ విల్లు దాచిన శక్తిలో ఎక్కువ భాగాన్ని తీసుకున్నది బరువైనదే. కవచం తొడిగిన మనిషినీ గుర్రాన్నీ ఆపవలసినవారికి ఆ రెండోది ముఖ్యం.

ఒక విల్లు వార్‌బోనా కాదా అని తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే. 30 అంగుళాల పైన లాగి, 60 గ్రాములకు మించిన బాణాన్ని 200 మీటర్లు దాటించగలదా? దాటించగలిగితే దాని మీద 90 రాసి ఉన్నా, 140 రాసి ఉన్నా నాకు పట్టింపు లేదు. నేటి వార్‌బో అభ్యాసకులలో 100 పౌండ్ల చుట్టూ గీత గీసేవారు ఎక్కువ, అది వాడుకకు పనికివచ్చే గీతే గానీ చరిత్ర గీసినది కాదు.

బాణం బరువు విల్లు భద్రతకు కూడా సంబంధించినది. చెక్క విల్లుకు ప్రతి పౌండుకూ 10 గ్రెయిన్ల బాణం అనేది మంచి అంచనా. గ్రాముకు సుమారు పదిహేనున్నర గ్రెయిన్లు. 50 పౌండ్ల విల్లుకు 32 గ్రాములు, 120 పౌండ్ల విల్లుకు 78 గ్రాములు వస్తాయి. బరువైన విల్లుతో తేలిక బాణం వేస్తే, బాణం తీసుకోని శక్తి అంతా తిరిగి లింబుల మీదనే పడుతుంది.

అసలు బరువులు మనకెలా తెలిశాయి

ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ నౌకాదళానికి చెందిన మేరీ రోజ్ అనే నౌక 1545 జులై 19న పోర్ట్స్‌మత్ ఎదుట సముద్రంలో మునిగిపోయింది. 1982 అక్టోబరులో దాని శిథిలాన్ని పైకి తీశారు. అందులో 172 విల్లులు, 3,500కు పైగా బాణాలు దొరికాయి. మధ్యయుగపు విల్లులు దాదాపు ఏవీ మిగలని లోకానికి అది ఊహించని నిధి. విల్లుల పొడవు 1.87 నుంచి 2.11 మీటర్ల వరకు ఉంది. కొలతలనూ నమూనాలనూ ఆధారం చేసుకుని వేసిన లెక్కలలో 30 అంగుళాల లాగుడుకు వాటి బరువు 100 నుంచి 185 పౌండ్ల వరకు తేలింది, ఎక్కువ విల్లులు 150, 160 దగ్గర ఉన్నాయి. 150 పౌండ్లంటే 68 కిలోలు. ఆ నౌకలోనే దొరికిన అస్థిపంజరాలలో కొన్నింటికి భుజం కొన వద్ద ఎముక పూర్తిగా అతుక్కోలేదు. బాల్యం నుంచి బరువైన విల్లులు లాగడం ఇందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

ఆరో అంచె: బరువు పెంచుకుంటూ పోవడం

1549లో మాజీ బిషప్ హ్యూ లాటిమర్ ఇంగ్లండు రాజు ఆరో ఎడ్వర్డ్ ఎదుట చేసిన ఉపదేశంలో తన బాల్యాన్ని గుర్తుచేసుకున్నాడు. తన తండ్రి తన వయసుకూ బలానికీ తగిన విల్లులు కొనిచ్చాడనీ, తాను పెరిగేకొద్దీ విల్లులు పెద్దవయ్యాయనీ, చేతుల బలంతో గాక ఒంటి బలంతో లాగడం నేర్పాడనీ చెప్పాడు. ఇంతకు మించిన శిక్షణా పద్ధతి నాకు ఇప్పటికీ కనిపించలేదు. 1363లో రాజు మూడో ఎడ్వర్డ్ పండుగ దినాలలో విలువిద్య సాధన చేయాలని ఆదేశించినది కూడా ఏళ్ల తరబడి అలవాటు లేనిదే ఆ బరువు లొంగదు కాబట్టే.

పెద్దవారు 30 నుంచి 40 పౌండ్ల మధ్య మొదలుపెట్టాలి. తరువాతి విల్లు ముందుదానికంటే 5 పౌండ్లకు, మహా అయితే 10 పౌండ్లకు మించకూడదు. రోజు విడిచి రోజు సాధన చేయాలి. కండరాలు కొన్ని వారాలలో బలపడతాయి గానీ వాటిని ఎముకకు కట్టే స్నాయువులకు నెలలు పడుతుంది, గాయాలు ఎక్కువగా ఈ తేడాలోనే పుడతాయి. నేను 60 నుంచి ఒక్కసారిగా 80కి వెళ్లాను. మొదటి వారం బాగానే ఉంది. మూడో వారంలో చొక్కా తొడుక్కోవడానికి కుడిచేయి ఎత్తలేకపోయాను, నాలుగు నెలలు విల్లు ముట్టలేదు.

లాగేటప్పుడు విల్లు పట్టిన భుజం చెవి వైపు ఎగబాకకుండా కిందికే ఉండాలి. విల్లును కొంచెం దించి ఉంచి, దానిని ముందుకు నెడుతూ, తాడును వెనక్కి తీస్తూ, రెండు భుజపుటెముకలు వెన్ను మధ్యకు దగ్గరవుతుంటే పైకి తేవాలి. బరువైన విల్లును గడ్డం కింద ఆపి నిమిషం పాటు గురి చూడడం కుదరదు. తాడు చెవి దగ్గరికి, ఇంకా వెనక్కి వస్తుంది, నిండుగా లాగిన వెంటనే వదలాలి.

బరువు ఎక్కువైందని తెలుసుకోవడానికి బాణం మీద మీ పూర్తి లాగుడు దగ్గర రంగుదారం చుట్టండి. పన్నెండు బాణాలు వరుసగా వేస్తుండగా స్నేహితుడు ఆ దారాన్ని గమనించాలి. ఎనిమిదో బాణానికో తొమ్మిదో బాణానికో దారం విల్లు వరకు రాకపోతే, లేదా వదిలే ముందు ముందుకు జారితే, మీరు ఆ విల్లును ఇంకా వేయడం లేదు, అదే మిమ్మల్ని లాగుతోంది. ఒక మెట్టు దిగండి.

ఏడో అంచె: జాగ్రత్తలు

బాణం లేకుండా తాడును లాగి వదలకండి. సాధన చేసే చోట లక్ష్యం వెనుక ఎంత ఖాళీ ఉన్నదో ముందు చూడండి, వార్‌బో బాణం తప్పిపోతే 200 మీటర్ల అవతల నేలను తాకుతుంది, ఇళ్ల మధ్య మైదానాలు దానికి చాలవు. లోపలి వైపు చెక్కలో అడ్డంగా సన్నని ముడతలు కనిపిస్తే, అవి నొక్కుడుకు నలిగిన జాడలు, ఆ విల్లును అక్కడితో ఆపాలి.

వేడిలోనూ తేమలోనూ చెక్క మెత్తబడి డ్రా వెయిట్ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం మన ఎండలో కొలిచిన అంకె, డిసెంబరు ఉదయం కొలిచిన అంకె ఒకటి కావు. అందుకే కొలిచిన ప్రతిసారీ తేదీ, వేళ కూడా రాసి పెట్టుకోండి. అతుకులున్న విల్లును ఎండలో నిలిపిన కారులో ఎప్పుడూ వదలకండి. సాధన ముగియగానే తాడును కొప్పు నుంచి దించి, విల్లును మూలన నిలబెట్టకుండా గోడకు రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. దించిన విల్లు తాడు వైపుకు కొంచెం వంగి ఉంటే అది సహజమే. ఆ వంపు ఎంతో టేపుతో కొలిచి, నెలకొకసారి అదే పుస్తకంలో రాయండి. ఆ అంకె పెరుగుతూ పోతుంటే డ్రా వెయిట్ తగ్గుతూ ఉంటుంది, త్రాసుతో మళ్లీ కొలిచి, విల్లు లోపలి వైపున ఉన్న పాత అంకె పక్కన కొత్త అంకె వేయండి.